తలుపు కొట్టిందెవరు?



వార్షికోత్సవ సంచికలో చదువు గురించీ, పోటీ పరీక్షల గురించీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మేము మాత్రం భయపెడుతూనే నవ్వించే సినిమాల గురించి, ఇంట్లోకి ఎవరో చొరబడే సినిమాల గురించి రాస్తున్నాం. బోరబండలో పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి ఆ హక్కు మాకు కాస్త ఎక్కువే ఉందని మా నమ్మకం. సినిమాలు తీసేది జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వాళ్లు. ఆ సినిమాలకు లైట్లు మోసేవాళ్లు, గుంపులో నిలబడేవాళ్లు, భోజనాలు వడ్డించేవాళ్లు పొద్దుగూకాక మా గల్లీలకే తిరిగొస్తారు.

ఈ రకం సినిమాలు హాస్టల్ పిల్లలకు ఎందుకంత ఇష్టమో వేరే చెప్పనక్కర్లేదు. పెద్ద హాల్లో వరసగా పక్కలేసుకుని పడుకునేచోట భయం ఒక్కరి దగ్గరే ఉండిపోదు. ఒకడు కెవ్వుమంటే మిగతా అందరూ నవ్వుతారు. నవ్వినవాడే అర్ధరాత్రి బాత్రూముకు తోడు రమ్మంటాడు!

ముందు రాంగోపాల్ వర్మ తీసిన ‘కౌన్’ (1999) చూడండి. హిందీ సినిమా అని వెనకాడకండి, అందులో మాటల కంటే చప్పుళ్లే ఎక్కువ. వాన కురుస్తుంటుంది, ఇంట్లో ఊర్మిళ ఒక్కతే ఉంటుంది, హంతకుడు తిరుగుతున్నాడని టీవీలో వార్త వస్తుంది. అంతలో కాలింగ్ బెల్ మోగుతుంది. గుమ్మంలో మనోజ్ బాజ్‌పాయ్. అతని వాగుడుకు నవ్వాలో, వణకాలో తెలియదు. పాటలు లేవు, తెర మీద కనిపించేది ముగ్గురే మనుషులు. ఒకప్పుడు అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల షాపు నడిపిన మనిషి తీశాడంటే మనలాంటివాళ్లకు కొంచెం ధైర్యం కూడా వస్తుంది.

తెలుగులో రవిబాబు ‘అవును’ (2012) ఉంది. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఇంట్లో కంటికి కనిపించనివాడు తిష్ట వేస్తాడు. ఇందులో నవ్వు తక్కువ, ఒళ్లు జలదరింపు ఎక్కువ. ‘గీతాంజలి’ (2014)లో సినిమా డైరెక్టరు కావాలని హైదరాబాద్ వచ్చిన కుర్రాడు ఒక ఫ్లాటులో దిగుతాడు. అలాంటి కుర్రాళ్లను కృష్ణానగర్లో మనం రోజూ చూస్తాం కనుక నవ్వు త్వరగా వస్తుంది. ఇక మా ఓటు మాత్రం మహి వి. రాఘవ్ తీసిన ‘ఆనందో బ్రహ్మ’ (2017)కే. అందులో మనుషులను చూసి దెయ్యాలు హడలిపోతాయి! డబ్బు అవసరం పడి నలుగురు ఆ ఇంట్లో అడుగు పెడతారు. దెయ్యం కంటే అవసరం పెద్దదైనప్పుడు మనిషి దేనికీ భయపడడని ఆ నవ్వుల మధ్యలో మనకు తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంట్లోకి ఎవరో వచ్చే సినిమాల్లో కెమెరా ఎక్కువగా తలుపు లోపలే ఉంటుంది. లోపలివాళ్ల భయమే మన భయం అవుతుంది. కానీ మన ఇళ్లల్లో చాలామంది పెద్దవాళ్ల తలుపులు కొట్టి బతికేవాళ్లే. పనిమనిషి, వాచ్‌మన్, గ్యాస్ బండ తెచ్చేవాడు, పార్శిల్ తెచ్చేవాడు, అందరూ మనవాళ్లే.

మా అమ్మ జూబ్లీహిల్స్‌లో ఇళ్లల్లో పని చేస్తుంది. ఒక ఇంట్లో ఉంగరం కనిపించకపోతే ముందు అమ్మ సంచీ దులిపారు. రెండు రోజుల తర్వాత అది వాళ్ల సబ్బుపెట్టె వెనకాలే దొరికింది. “దొరికిందిలే” అన్నారు, అంతే. అమ్మ పని మానలేదు. “మీ ఫీజు కట్టే నెల బిడ్డా, కోపం చేస్తే ఎట్ల?” అంది. ఈ రోజు మా ఇంట్లో మొదటి డిగ్రీ పట్టా గోడకు వేలాడుతోందంటే, మేము పి.జి. చదువుతున్నామంటే ఆ మాట వల్లే.

అందుకే తలుపు బయట నిలబడ్డవాడిని చూపించే సినిమాలు మాకు ఇంకా దగ్గరగా ఉంటాయి. కార్తీక్ సుబ్బరాజ్ ‘పిజ్జా’ (2012, తమిళం)లో పిజ్జా ఇవ్వడానికి వెళ్లిన కుర్రాడు బంగళాలో ఇరుక్కుపోతాడు. తెలుగులోకీ వచ్చింది, ముగింపు మేము చెప్పం. కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో తీసిన ‘పారసైట్’ (2019)లో సగం నేలలోకి ఉన్న గదిలో బతికే నలుగురు ఒక్కొక్కరుగా ధనవంతుల ఇంట్లోకి పనివాళ్లుగా చేరతారు. మొదటి సగం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. యజమాని వాళ్ల ఒంటి వాసన గురించి మాట్లాడిన దగ్గర నుంచి మాలో ఎవరూ నవ్వలేదు. 2020లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది, ఇంగ్లీషు కాని భాషలో ఆ గౌరవం పొందిన మొదటి సినిమా అదే. ఇష్టమైతే ఆ తర్వాత జోర్డన్ పీల్ ‘అస్’ (2019) చూడండి. అందులో ఇంటి ముందుకొచ్చిన అపరిచితులకు మన ముఖాలే ఉంటాయి!

చిన్న తరగతుల తమ్ముళ్లు, చెల్లెళ్లు ‘ఆనందో బ్రహ్మ’తో ఆగండి. మిగతావి డిగ్రీకి వచ్చాక చూడవచ్చు, అవి ఎక్కడికీ పోవు. చూసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ ఇల్లు ఎవరిది? తలుపు కొట్టినవాడికి ఏం కావాలి? రెండో ప్రశ్నకు జవాబు వెతికే దర్శకులు మన తెలుగులో ఇంకా రావాలి. ఆ కథలు బోరబండలో బోలెడున్నాయి. మనలో ఒకరు రాస్తే, ఫిల్మ్‌నగర్ ఇక్కడికి ఎంతో దూరం లేదు.