మా యత్తగారి నడక పందెము

మా ఊరు ఆలంపురము. తుంగభద్ర యొడ్డున, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయముల నీడలో, జోగులాంబ తల్లి చెంత మా కాపురము. ఈ యూరివారికి నడక నేర్పువారు అక్కరలేదు. తొమ్మిది గుడులు తిరిగి, నదికి దిగి, మరల మెట్లెక్కి వచ్చుసరికి కాళ్లు తమ పని తాము చేసికొనును. అట్టి యూరి స్త్రీలము, నిలిచినచోటనే నడిపించు ట్రెడ్‌మిల్లు కొరకు కర్నూలు దాక పోవుట చూచి ఇరుగుపొరుగువారు నవ్విరి. వారి నవ్వులో తప్పులేదు. అయినను మేమేల పోయితిమో, అందు మాకు కలిగిన మేలేమో, కీడేమో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యత్తగారికి ఏబదియెనిమిదేండ్లు. చక్కెర వ్యాధి కలదు. దినమును నడువవలెనని వైద్యుడు చెప్పగా, "ఇంట్ల నేను కూసున్నదెప్పుడు? ఇది నడక కాదా?" అని ఆమె యడిగిరి. ఇంటిపని వేరు, ఎడతెగక కొంతసేపు చురుకుగా నడచుట వేరు అని ఆయన నచ్చజెప్పెను. పెద్దవారికి వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు మితమైన వ్యాయామము కావలెనని ప్రపంచారోగ్య సంస్థ 2020లో ప్రకటించి యున్నది. మా నడిగడ్డ యెండలో ప్రొద్దెక్కిన పిదప రాతిబండలపై నడుచుట యెట్టిదో మీకు తెలియనిది కాదు. మా వారికి కర్నూలులో ఉద్యోగము. వారానికి మూడు దినములు వారి బండిలోనే పోయి, స్త్రీలకు ప్రత్యేకముగా నడుపు ఒక వ్యాయామశాలలో ఇరువురమును చేరితిమి. చీరపై బూట్లు తొడుగుటకు మొదట సిగ్గుపడిన యత్తగారు, చీర కుచ్చెళ్లు యంత్రములో చిక్కునని తెలిసిన పిమ్మట, జన్మమెత్తి మొదటిసారి పంజాబీ డ్రస్సు ధరించిరి.

ఒక మాసము గడచిన మీదట అచ్చట నేర్పునట్టి అమ్మాయి పందెము పెట్టెను. ఎవరెన్ని కిలోమీటర్లు నడచిరో గోడమీది పలకపై దినమును వ్రాయుట, వారాంతమున ముందున్నవారి పేర్లు చదువుట, మాసాంతమున మొదటి మువ్వురు పక్కపక్కన అరగంట నడచి జయాపజయములు తేల్చుకొనుట, ఇది దాని విధము. మొదటి వారము మా యత్తగారి పేరు చదివినప్పుడు ఆమె వెనుదిరిగి, అట్టి పేరుగల వారెవరో యని చూచిరి! ఊరిలో ఆమె అందరికిని పెద్దమ్మ, లేదా ఫలానావారి భార్య. మేము కోడలినై వచ్చిన పదునారేండ్లలో ఆ పేరును రేషను కార్డుపైనను ఆధారు కార్డుపైనను చూచితిమే కాని, ఒకరు పిలువగా వినలేదు. ఆనాడు చున్నీ కొంగుతో నోరు కప్పుకొని ఆమె నవ్విన నవ్వు మేమెన్నడు మరువజాలము.

పందెము వలన మేలు కలుగలేదని మేమనము. ఆమెకు నిద్ర కుదిరినది. మోకాళ్ల నొప్పులను గూర్చిన మాట తగ్గినది. కాని మరియొక మార్పు కూడ వచ్చినది. మాతో మజ్జిగ పంచుకొని త్రాగు నొక పదవీ విరమణము చేసిన ఉపాధ్యాయిని, పలకపై తన పేరు క్రిందికి జారిన నాటినుండి పలుకుట మానెను. మేమును పొరుగువారి అంకెను ఓరకంట చూచుటకు అలవాటుపడితిమి.

ఈ యంత్రము చరిత్రము చదివినప్పుడు మాకు వింత తోచినది. 1818లో విలియం క్యూబిట్ అను ఇంజనీరు ఇంగ్లండు చెరసాలల ఖైదీలకొరకు మెట్లుగల పెద్ద చక్రమును కల్పించెను. ఎంత యెక్కినను మెట్టు తరుగదు. 1898 నాటి చట్టముతో ఆ శిక్షకు కాలము చెల్లెను. 1963లో రాబర్ట్ బ్రూస్ అను వైద్యుడు ఇట్టి నడక యంత్రముపై గుండె పరీక్షకు ఒక పద్ధతి నేర్పరచెను. మూడేసి నిమిషములకు వాలును వేగమును పెంచుదురు. రోగి ఇక చాలునన్నచో యంత్రము నాపుదురు. ఖైదీకి ఆగు స్వేచ్ఛ లేదు; రోగికి ఆగు హక్కు కలదు. మమ్ము ఎవరును కట్టివేయలేదు, అయినను మేము ఆగలేకపోయితిమి.

చివరి పందెమునకు నిలిచిన మువ్వురు మా యత్తగారు, ఆ ఉపాధ్యాయిని, మేము. ఆనాటి యుదయము అత్తగారు చక్కెర మాత్ర వేసికొనిరి కాని జొన్నరొట్టె ముట్టలేదు. "కడుపు తేలికగుంటే కాలు తేలికగ ఆడుతది బిడ్డా" అనిరి. "తినండి అత్తమ్మా" అని ఒక్కసారి అంటిమి. రెండవసారి అనలేదు. ఆమెను గెలువవలెనను కోరిక మాలో లేదని ప్రమాణము చేయలేము.

ఇరువదియవ నిమిషమున ఆమె మెడపై చెమట కారుట, కమ్మిపై చేయి వణకుట మేము చూచితిమి. చూచి, మా యంకె ఆమె అంకె కన్న కొంచెము తక్కువగా ఉండుటయు చూచితిమి. మరల ముందుకే చూచి నడచితిమి. రెండు నిమిషములలో ఆమె తూలిరి. నడుమునకు తగిలించిన ఎర్రత్రాడు ఊడి యంత్రము టక్కున నిలిచినది గనుక ముఖము పగులలేదు. మేము దిగి పట్టుకొంటిమి. మాకన్న ముందుగా చక్కెర నీళ్లు తెచ్చినది, మాటలు మానిన ఆ ఉపాధ్యాయినియే. రక్తములో చక్కెర మిక్కిలి తగ్గినదని పరీక్షలో తేలినది. కొన్ని రకముల చక్కెర మాత్రలు వేసికొని, ఆహారము మాని, శరీరమును శ్రమపెట్టినచో ఇట్లగుననియు, చెమట, వణకు, తల తిరుగుట దాని గుర్తులనియు, అట్టి గుర్తు కనబడిన వెంటనే ఆగి తీపి పుచ్చుకొనవలెననియు వైద్యుడు చెప్పెను.

తేరుకొనిన పిమ్మట అత్తగారు అడిగిన మొదటి మాట, "గెలిచిందెవరు బిడ్డా?" ఎవరును గెలువలేదు, మువ్వురమును దిగితిమి. కమ్మి వణకుట చూచియు నడచితినని వారితో ఆ రాత్రి చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "నేనైనా ఆగకపోదు" అనిరి.

పొడుగువారి అడుగు వేరు, పొట్టివారి అడుగు వేరు. కమ్మి పట్టుకొని నడచువారికి శ్రమ తక్కువ. కావున అంకెను అంకెతో పోల్చుట న్యాయము కాదనియు, ఎవరి నడకను వారి వెనుకటి మాసపు నడకతోనే పోల్చవలెననియు మేము ఆ అమ్మాయికి చెప్పగా ఆమె సమ్మతించెను. సమ్మతింపనిది మా యత్తగారే! "పక్కన ఎవరు లేకుంటే అంతదూరం ఎందుకు? మన గుడుల సుట్టు తిరిగితే సాలదా?" అనిరి. బతుకమ్మ ఆడునప్పుడు ముసలివారి అడుగుకు తగినట్లే వలయమంతయు తిరుగును గదా, ఎవరును వెనుకబడరు గదా యంటిమి. "ఆడ నా పేరు సదివేటోళ్లు లేరు గద" అని ఆమె బదులిచ్చిరి. దానికి మావద్ద జవాబు లేకపోయెను. ఇప్పటికిని లేదు.

ఇప్పుడు రెండు దినములు తెల్లవారుజామున గుడుల వద్ద నడచుచున్నాము. ఒక దినము కర్నూలు పోవుచున్నాము. పలక యట్లే యున్నది. తమ వెనుకటి మాసమును తామే మించినవారి పేర్లు మాత్రము చదువుచున్నారు. బండి యెక్కక పూర్వము రొట్టె డబ్బా తెరచి, ఆమె తినువరకు మేము ఎదుట కూర్చుండుచున్నాము. గత వారము ఆమె పేరు చదివిరి. ఈమారు ఆమె వెనుదిరిగి చూడలేదు.