సంక్రాంతి బాటలో నలభై నిమిషాలు

భోగికి రెండు మూడు రోజుల ముందు హైదరాబాదు–విజయవాడ రహదారి రూపురేఖలే మారిపోతాయి. ఒకనాడు తొమ్మిదో నంబరుగా, నేడు 65వ నంబరుగా వ్యవహరించే ఈ జాతీయ రహదారి మీద నగరం దాటింది మొదలు కార్లు బారులు తీరుతాయి. డిక్కీలో కొత్తబట్టలు, వెనుక సీట్లో పిల్లలు, అందరి మనసుల్లోనూ ఊరు! చౌటుప్పల్ సమీపాన పంతంగి టోల్‌గేటు వద్ద వాహనాలు నత్తనడక నడుస్తాయి. అక్కడ పోయిన కాలాన్ని ముందు దారిలో రాబట్టుకోవాలనే ఆరాటం అప్పుడే మొదలవుతుంది. అసలు ప్రమాదానికి బీజం ఆ ఆరాటమే.

ఆ రాబడి ఎంతో లెక్క కట్టడం కష్టం కాదు. రెండు నగరాల నడుమ దూరం సుమారు 270 కిలోమీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా పోయిన వాడు, 80తో పోయిన వాడికన్నా ముందు చేరేది 40 నిమిషాలు మాత్రమే. అందుకు ప్రతిగా, ఢీకొంటే తాకిడి శక్తి ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది.

జనవరి రాత్రులు ఈ బాటకు మరో గండం. ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉన్న రాత్రి నేల చల్లబడి, తెల్లవారుజామున పొగమంచు కమ్ముకుంటుంది. నదులు, చెరువుల దాపున అది మరీ దట్టం. ఈ దారి సూర్యాపేటకు ముందు మూసీని, కోదాడ దాటాక పాలేరును, నందిగామ దాటాక మునేరును దాటుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి బ్రేకు తొక్కేలోపే అంత దూరం గడిచిపోతుంది. ముప్పై మీటర్ల దూరంలో వెనుక దీపాలు లేని లారీ ఆగి ఉంటే ఇక చేయగలిగింది ఏమీ లేదు. మంచులో హైబీమ్ దీపం వేస్తే వెలుగు తిరిగి కళ్లలోనే పడుతుంది. డిమ్ లైటు వేసుకుని వేగం తగ్గించడం, తప్పకపోతే రోడ్డుకు దూరంగా సురక్షిత స్థలంలో ఆగిపోవడం ఉత్తమం.

రాత్రి రెండు మొదలు అయిదింటి దాకా దేహం సహజంగానే నిద్రను కోరుతుంది. పగలంతా ఆఫీసులో పనిచేసి రాత్రి స్టీరింగు పట్టిన వాడికి టీ ఇచ్చే ఉత్సాహం కొద్దిసేపే. బండి ఆపి తీసిన ఇరవై నిమిషాల కునుకు అంతకంటే మేలు. వెనుక సీట్లో వారికీ బెల్టు తప్పనిసరి అని చట్టం చెబుతోంది. అది లేనివారు ప్రమాదంలో ముందున్నవారి మీదికి విసురుగా వచ్చి పడతారు. బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకున్న తల్లి చేతులు ఆ తాకిడిని ఆపలేవు.

దారిలో ఆపద కనిపిస్తే 108కి గాని, జాతీయ రహదారుల సహాయకేంద్రం 1033కి గాని ఫోన్ చేయవచ్చు. క్షతగాత్రులను సదుద్దేశంతో ఆదుకున్న వారికి 2019 నాటి మోటారు వాహనాల చట్ట సవరణ రక్షణ కల్పించింది. తమ పేరు చెప్పమని వారిని ఎవరూ నిర్బంధించరాదు.

కనుమ ముగిశాక ఇదే జనప్రవాహం వెనుదిరుగుతుంది. అప్పటి అలసట మరింత ఎక్కువ, తొందరా అంతే. పల్లెల్లో ముగ్గు వేసిన వాకిళ్లు ఎదురుచూసేది తమవారి కోసం; వారు 40 నిమిషాలు ఆలస్యమైనా ఆ వాకిళ్లకు అభ్యంతరం లేదు.