మోడు చినార్ మీద నిండు జాబిలి

శ్రీనగర్ పర్యాటకుల ఆల్బమ్‌లలో చినార్ చెట్టు ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. నిప్పంటుకున్నట్లుండే ఆ ఆకుల కోసం అక్టోబర్ చివర్లో వాలిపోయేవారు డిసెంబర్‌కల్లా ఇంటిదారి పడతారు. రాలిన ఆకులను స్థానికులు పోగేసి కాల్చి బొగ్గు చేసుకుంటారు. చలికాలంలో ఫెరన్ల కింద కాంగ్డీలలో రాజుకునేది అదే. చినార్ అసలు రూపం బయటపడేదీ అప్పుడే.

ఆ రూపాన్ని చందమామతో కలిపి కెమెరాలో బంధించాలంటే కాశ్మీర్ విశ్వవిద్యాలయ ఆవరణలోని నసీమ్ బాగ్ అనువైన చోటు. 1586లో కాశ్మీర్ మొఘలుల వశమయ్యాక అక్బర్ హయాంలో రూపుదిద్దుకున్న తోట ఇది. తూర్పున దాల్ సరస్సు, దాని ఆవల జబర్వన్ కొండలు. చిక్కల్లా ఆ కొండలతోనే. పౌర్ణమి నాడు చంద్రుడు వాటిని దాటి పైకొచ్చేసరికి చీకటి పడిపోతుంది. బింబానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెడితే కొమ్మలు చీకట్లో కలిసిపోతాయి. కొమ్మల కోసం పెంచితే చంద్రుడు తెల్లటి మచ్చగా మిగులుతాడు. అందుకే అనుభవజ్ఞులు చతుర్దశి నాడే ట్రైపాడ్ దించుతారు. ఆ రోజు చంద్రోదయం సూర్యాస్తమయానికి ముందే కాబట్టి, కొండ దాటే వేళకు ఆకాశంలో ఇంకా నీలి వెలుగు మిగిలి ఉంటుంది. దాని మీద ప్రతి రెమ్మా గీత గీసినట్లు కనిపిస్తుంది.

కొమ్మలూ, చంద్రుడూ రెండూ స్పష్టంగా రావాలంటే చెట్టుకు బాగా దూరంగా జరిగి టెలిఫొటో లెన్స్ వాడాలి. అయితే చంద్రుడు ఆగడు. సుమారు రెండు నిమిషాలకోసారి తన వెడల్పంత దూరం జరిగిపోతాడు. అతను పైకెక్కేకొద్దీ ఫొటోగ్రాఫర్ మంచులో అడుగులు వేస్తూ చెట్టుకు దగ్గరవ్వాల్సిందే.

అలా దగ్గరయ్యేకొద్దీ ఆకులు దాచిన సంగతులు బయటపడతాయి: నరికిన కొమ్మల మొండేలు, తొర్రలు పడ్డ మానులు. అనుమతి లేకుండా చినార్‌ను నరకకూడదని 1969లోనే చట్టం వచ్చింది. అయినా రోడ్ల విస్తరణకూ, నిర్మాణాలకూ చెట్లు బలవుతూనే వచ్చాయి. 2025 నాటికి 28 వేలకు పైగా చినార్లను అధికారులు లెక్కించి, క్యూఆర్ కోడ్లు తగిలించడం మొదలుపెట్టారు.

సాయంత్రం ఇలా చెట్టు కింద నిలబడగలగడం కూడా ఇక్కడ చిన్న విషయం కాదు. 1990లలో చీకటి పడకముందే నగరం తలుపులు మూసుకునేది. వెన్నెల కిటికీలోంచి చూడాల్సిన వస్తువైంది. ఆ భయం క్రమంగా సడలిందనుకుంటుండగా, 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు.

లెన్స్‌లోంచి నిదానంగా చూస్తే మోడు మరీ మోడేమీ కాదు. కొమ్మలకు గుండ్రటి విత్తన కాయలు వేలాడుతుంటాయి. రెమ్మల మీద వచ్చే ఏటి మొగ్గలు అప్పటికే సిద్ధంగా ఉంటాయి. చినార్ మొగ్గ ఆకు కాడ అడుగునే పెరుగుతుంది. ఆకు రాలితే తప్ప కంటికి కనిపించదు.