పల్లె నుంచి – 23: లక్షన్నరలో కారు

వారం నుంచి ఫోన్లు. "అన్నా, సంఘానికి కారు కొన్నారంట కదా, ఎట్ట చూసి కొన్నారు?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ముందు కారెందుకో చెప్పాలి. అల్లూరు అవతల, సముద్రం పక్కనుండే మా పల్లెకి పొద్దున నెల్లూరు బస్సు ఒకటే. అట్రాసిటీ కేసు వాయిదా రోజు మన సాక్షి ఎక్కేదీ అదే, ముద్దాయి బంధువులు ఎక్కేదీ అదే. దారి పొడుగునా వాళ్ల చూపులు, సైగలు తట్టుకుని వచ్చిన మనిషి బోనులో నోరెట్ట విప్పుతాడు? 1995 నాటి అట్రాసిటీ రూల్స్‌లో 11వ రూలు చదవండి తమ్ముళ్లూ. బాధితులకీ సాక్షులకీ ప్రయాణ ఖర్చులు ఇవ్వాలని ఉంది. మా వాళ్లకి ఆ డబ్బు చేతికందేలోపు నాలుగు వాయిదాలు అయిపోతాయి. ఊళ్లో కార్లు లేవా అంటే ఉన్నాయి, ఎవరి మీద కేసు పెట్టామో వాళ్ల ఇళ్ల ముందు.

1929లో చాలీస్‌గావ్‌లో బాబాసాహెబ్‌ని ఎక్కించుకుని టాంగా తోలడానికి టాంగా వాళ్లు ఒప్పుకోలేదు. అక్కడి మహర్లు బండి అద్దెకు తీసుకుని, తోలడం రాని తమ మనిషినే కూర్చోబెట్టారు. కల్వర్టు దగ్గర చక్రం ఇరుక్కుని బాబాసాహెబ్ ఎగిరిపడ్డారు, కాలు విరిగింది. అందుకే బండి కండిషన్, తోలేవాడి లైసెన్సు అని నేను మీటింగుల్లో విసిగిస్తుంటా.

ఆరుగురం చీటీ ఎత్తి లక్షన్నర పోగు చేశాం. అందులో 25,000 ముందే పక్కన పెట్టాం. బ్యాటరీ, టైర్లు, ఇన్సూరెన్స్, పేరు మార్పిడి అన్నీ దాంట్లోనే. అంటే కారుకు లక్షా పాతికే. ఆ డబ్బుకి కన్సల్టెన్సీ వాళ్లు పాత పెద్ద డీజిల్ బండి చూపించి ఊరిస్తారు. టర్బోనో ఇంజెక్టర్లో పోతే మళ్లీ చీటీ ఎత్తాలి. పెట్రోల్ ఆల్టో, వ్యాగన్ఆర్ లాంటివే చూద్దామన్నా. ఏ మండలంలోనైనా విప్పగలిగే మెకానిక్ ఉంటాడు, సామాను దొరుకుతుంది. "ఆల్టోలో పోతే ఎస్సై లెక్కచేస్తాడా అన్నా?" అన్నాడొక తమ్ముడు. స్కార్పియోలో పోయినా మనల్ని ఎట్ట చూస్తారో చూసినవాణ్ణి, నవ్వొచ్చింది.

ఇంజిన్ సంగతి తర్వాత, మన సముద్రపు పక్క ముందు చూడాల్సింది తుప్పు. ఉప్పు గాలి, రొయ్యల గుంటల గట్లు, ఐసు పెట్టెల నీళ్లు అన్నీ కలిసి బండిని కింద నుంచి తినేస్తాయి. పైన తళతళలాడుతుంటుంది. మా మెకానిక్ భాయ్ పాత స్పీకర్ అయస్కాంతానికి గుడ్డ చుట్టి తెచ్చాడు. మొదటి కారు తలుపుకి అంటుకుంది. చక్రం పైన పెడితే జారి కిందపడింది. అక్కడ రేకు లేదు, పుట్టీ. కింద దూరి చూస్తే కొత్తగా కొట్టిన నల్ల పెయింటు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగింది.

రెండోది వరదలో మునిగిన బండి. 2015 నవంబర్, 2021 నవంబర్ మనకు గుర్తే కదా. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద చార కనిపిస్తుంది. స్టెప్నీ గుంట, కార్పెట్ అడుగు కూడా చూడండి. బానెట్ చల్లగా ఉన్నప్పుడే సెల్ఫ్ కొట్టించండి. మీరొచ్చేసరికే ఇంజిన్ వేడిగా ఉందంటే మర్నాడు చెప్పకుండా వెళ్లండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఆయిల్ మూత కింద కాఫీ రంగు నురగ బాగా ఉంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పడాల్సిందే. మీటరు తక్కువ చూపిస్తూ పెడల్ రబ్బర్లు అరిగిపోయుంటే రబ్బర్లనే నమ్మండి.

మూడో కారు బాగుంది. బేరం కుదిరింది. పల్లె పేరు చెప్పగానే ఆయన "ఏమోళ్లు మీరు?" అన్నాడు. చెప్పాం. మర్నాటికి ధర ఇరవై వేలు పెరిగింది. వచ్చేశాం. తుప్పు పట్టిన బండి గురించి భాయ్ చెప్పగలడు గానీ దీనికి అయస్కాంతం లేదు.

నాలుగోది ఒక రిటైర్డ్ టీచరు వాడిన ఆల్టో, 1,18,000. ఆర్‌సీలో ఫైనాన్స్ ఎంట్రీ తీసేసి ఉందా, ఛాసిస్ నంబరు కలుస్తుందా చూసుకున్నాకే డబ్బిచ్చాం. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి వదిలేయకండి, పేరు మారేదాకా వెంటపడండి. ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని అనీ, యాక్సిడెంట్ నష్టపరిహారం బాధ్యత ఆయనదే అనీ నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మిన మాస్టారికి ఆ భయం ఉంది కాబట్టి ఆయనే మాతో ఆఫీసుకు వచ్చాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి, అదీ మర్చిపోవద్దు.

ఎవరి పేరున అని పెద్ద గొడవే అయింది. ఆరుగురిలో ఒక్కతే ఆడమనిషి, చీటీ ఒక్క నెల కూడా తప్పని మా అక్క పేరున రాయించాం. తోలడానికి లైసెన్సున్న ఇద్దరికే తాళం. డ్యాష్‌బోర్డులో నోటుబుక్కు పెట్టాం, ఎవరు తీసినా రాయాలి. మొదటి పేజీలో అక్క రాసింది: "కోర్టు వాయిదా. సాక్షులు ముగ్గురు. పెట్రోలు 500."

జై భీమ్.