గంపెడు కుందేళ్ళతో ఒంగోలు దాకా

కుందేటి కొమ్మునైనా సాధించవచ్చు గాని, కుందేటికి ఓ కొంప సాధించడం సామాన్యమైన పని కాదు. ఇరవై యేళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్న నాకు యీ సంగతి మొన్న మాఘమాసంలో గాని బోధపడలేదు.

కథ కార్తీకంలో మొదలైంది. గుంటూరులో మా వీధి చివర ఇంట్లో అద్దెకున్నవారు బదిలీ మీద వెళ్ళిపోయారు. మూడోనాడు మా పెద్దమ్మాయి పరుగెత్తుకొచ్చి, "నాన్నా, ఆ ఖాళీ ఇంటి పెరట్లో యేవో కదులుతున్నాయి. గోడవతల కుక్కలు కాచుకుని వున్నాయి" అన్నది. వెళ్ళి చూద్దును గదా, నీళ్ళతొట్టి పక్కన తలుపు తీసివున్న ఇనుపతీగల బోను; దాని చుట్టూ తొమ్మిది తెల్ల కుందేళ్ళు. నీళ్ళ చుక్క లేదు. ఒకదానికి చెవి చిరిగి వుంది. అదే తల్లి అని తరువాత తెలిసింది.

పిల్లల ముచ్చటకోసం ఒక జత కొన్నారట. కుందేలుకు చూలు ముప్పై రోజుల మాటే. ఈని లేచిన మరునాడే మళ్ళీ చూలు కట్టగలదు. అయిదారు నెలలు తిరిగేసరికి ఆ పిల్లలే తల్లులవుతాయి. ముచ్చట పెరిగింది, ఇల్లు చాలలేదు, బదిలీ వచ్చింది. ఇలా జంతువును తిండీ నీళ్ళూ లేకుండా వదలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. అయినా పోయినవారిని వెతికి పట్టుకుని లాభమేమిటి? ముందు తొమ్మిది ప్రాణాల సంగతి చూడాలి గదా!

"ఏమండీ, ఇది కొంపా, బందెలదొడ్డా?" అన్నది మా ఆవిడ. అంటూనే వంటింట్లోంచి మట్టిమూకుడు తెచ్చి నీళ్ళు పెట్టింది.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. మరునాడు క్లాసులో యీ సంగతి చెప్పగానే ఒక కుర్రవాడు లేచి, "మా వూళ్ళో చేను వుంది, మాస్టారూ. రెండు నాకివ్వండి" అన్నాడు. మంచివాడు. మారు మాట లేకుండా యిచ్చేశాను. వారం తరువాత స్టాఫ్ రూము గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. పంజరంలో పెట్టడం పాపమనుకుని, స్వేచ్ఛగా బతుకుతాయని, రెంటినీ మిరపచేలో వదిలాడట. ఒకటి ఆ రాత్రే కుక్కలపాలైంది. రెండోది తెల్లవారి మిరపసాళ్ళ మధ్య చచ్చి పడివుంది. ఆకుల మీద మందు కొట్టి రెండు రోజులైనా కాలేదట.

తప్పు వాడిది కాదు, నాది. ఎక్కడ వుంచుతావు, యేం పెడతావు అని ఒక్క మాటైనా అడగలేదు.

నిజానికి మనలో చాలామంది ఇంటి కుందేలూ, చేలో కుందేలూ ఒకటేననుకుంటాం. కావు. మన మెట్టచేలల్లో దుమికే చెవులపిల్లి యీ దేశపు బిడ్డ. అది బొరియ తవ్వదు. గడ్డిలో పల్లం చేసుకుని పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. దాన్ని పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బజారులో అమ్మే తెల్ల కుందేలు వేరు. దాని పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. అది బొరియ తవ్వుకునే జాతి. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. తరతరాలుగా మనుష్యుల చేతుల్లో పెరిగి, నక్కను చూస్తే పారిపోవాలన్న తెలివి కూడా మందగించింది. పైగా తెలుపు, నల్లరేగడి మీద అర మైలు దూరం నుంచి కనిపిస్తుంది. దాన్ని చేలో వదలడం స్వేచ్ఛ యివ్వడం కాదు, మన చేతికి మట్టి అంటకుండా చంపడం.

మిగిలిన యేడింటినీ పశువైద్యుడికి చూపించాం. తల్లి కాక ఆడవి నాలుగు, మగవి రెండు. మగవాటికి ఆపరేషన్ చేయించి, ఆయన చెప్పినట్టు నెల రోజులకు పైగా విడిగా వుంచాం. ఆ తరువాత పాత శిష్యులకు వుత్తరాలు రాశాను. మూడు చోట్ల నుంచి పిలుపు వచ్చింది: చిలకలూరిపేట, అద్దంకి, ఒంగోలు. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక శనివారం తెల్లవారుజామున, మూతవున్న రెండు వెదురు గంపల్లో గరిక పరచి, యేడింటినీ యెక్కించి బయలుదేరాను.

గుంటూరు పొలిమేర దాటేదాకా మిర్చి ఘాటు వెంట వచ్చింది. ఆ రోజుల్లో యార్డుకు వచ్చే టిక్కీలు లెక్కకందవు. వూరి మనుష్యులకది అలవాటే. గంపలోని వారికి కాదు. తుమ్ము మీద తుమ్ము! కుందేలు తుమ్ముతుందని బస్సులో సగం మందికి ఆనాడే తెలిసింది. పక్క సీటు పెద్దమనిషి, "యెందుకండీ యీ అవస్థ? ఏ గట్టునో వదిలితే అవే బతుకుతాయి" అన్నాడు. నేను కుర్రవాడి చేను సంగతి చెప్పాను. అక్కడితో ఆగక ఆస్ట్రేలియా కథ కూడా యెత్తుకున్నాను. 1859లో ఒక దొర వేటాడుకునే సరదాతో ఇరవైనాలుగు కుందేళ్ళను తన యెస్టేటులో వదిలాడు. అవి పెరిగి పెరిగి ఆ ఖండంలో పచ్చిక, పైరు తినివేస్తే, వాటిని ఆపడానికి వందల మైళ్ళ కంచెలు కట్టవలసి వచ్చింది. "వదిలితే ఇక్కడ అవి చస్తాయి, అక్కడ నేలను చంపాయి. మొత్తానికి వదలడం మాత్రం మంచిది కాదండీ" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. పాఠం చెప్పే అలవాటు బస్సులో కూడా పోదు!

చిలకలూరిపేట చేరువవుతుంటే దారి పొడుగునా తుమ్మచెట్లకు దూది తుంపులు అంటుకుని వున్నాయి. పత్తి లారీలు ఒరుసుకుంటూ వెళ్ళిన గుర్తులవి. ఇక్కడ నా శిష్యురాలు, ఆమె భర్త ఇద్దరూ బడి పంతుళ్ళు. వెనక వరండాలో వేపచెట్టు నీడ పడేచోట బోను సిద్ధం చేసివుంచారు. ఈసారి నేను మొహమాటపడలేదు. బోను యెప్పుడూ మూసే వుంచుతారా? వేసవిలో యేం చేస్తారు? కుందేలుకు చెమట పట్టదు; వేడి పోయేది ముఖ్యంగా ఆ చెవుల్లోంచే. మన గుంటూరు యెండ దానికి ప్రాణాంతకం. తడిగోనె, చల్లని బండ, కదలని గాలి లేని చోటు కావాలి. తిండి మాటకొస్తే క్యారెట్ బొమ్మల్లోని ముచ్చటే. రోజంతా నమలడానికి యెండుగడ్డి, గరిక వుండాలి. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే వుంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. చెవులు పట్టి యెత్తకూడదు. బాగా చూస్తే యెనిమిది, పదేళ్ళు బతుకుతుంది. "మీ బాబు టెన్త్ చదివేనాటికి కూడా ఇది వుంటుందమ్మా" అన్నాను. ఆ అమ్మాయి భర్త వైపు చూసింది. అతడు తల వూపాడు. రెండు ఆడవి అక్కడ దిగాయి.

యెండ ముదిరేలోగా మార్టూరు దగ్గర మా పెత్తండ్రి కొడుకు చేలో దిగాను. కల్లం నిండా మిరపకాయలు యెర్రని తివాచీలా పరచివున్నాయి. గంపలు చింతచెట్టు కింద దించి మా అన్నయ్య చుట్ట ముట్టించాడు. "తమ్ముడూ, నీ కుందేళ్ళను మాత్రం ఇక్కడ వుంచమని అడగబాకు. ఈ చేలో యెన్నిసార్లు మందు కొట్టానో నాకే లెక్క లేదు" అన్నాడు. కాసేపాగి, 1987లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టిన యేడు సంగతి యెత్తాడు. ఆ యేడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలైన రైతులు చేలో కొట్టవలసిన మందే తాగి పోయారు. "మనుష్యులకే దిక్కు లేని చోట యిది కుందేళ్ళకు ఆశ్రమం యేమవుద్దిరా" అని లేచి, నన్ను గట్టు వెంట తీసుకెళ్ళి, యెండుగడ్డిలో జానెడు పల్లం చూపించాడు. చెవులపిల్లి పడక. ఇంకా వెచ్చగా వుంది. "ఇది మాత్రం బతుకుద్ది. ఇది ఇక్కడిది" అన్నాడు.

మర్నాడు మేదరమెట్లలో బస్సు మారి, శింగరకొండ ఆంజనేయస్వామికి దూరం నుంచే దణ్ణం పెట్టి, అద్దంకి చేరాను. తెలుగు మాస్టరుకు అద్దంకి అంటే పుట్టింటి వంటిది. 848 నాటి పండరంగని పద్య శాసనం దొరికిన వూరు, ప్రోలయ వేమారెడ్డికి రాజధాని అయిన వూరు. ఆ మురిపెంలో వున్నవాణ్ణి శిష్యుడి మేనమామ నేలకు దించాడు. "రెండూ ఆడవేనా? మగది కూడా ఇవ్వండి మాస్టారూ. యేడాది తిరిగేసరికి వందవుతాయి. మాంసానికి మంచి గిరాకీ" అన్నాడు. మనిషి దాపరికం లేనివాడు. అది ఆయన జీవనోపాధి లెక్క. నేను తప్పు పట్టలేదు. కాని నేను వెతుకుతున్నది అది కాదు. కాఫీ తాగి, అయిదింటితోనూ మళ్ళీ బస్సెక్కాను. శిష్యుడు బస్టాండు దాకా వచ్చి, "యేమనుకోకండి మాస్టారూ" అని నాలుగు సార్లు అన్నాడు.

మద్దిపాడు దగ్గర గుండ్లకమ్మ దాటేటప్పుడు గంప తేలికైనట్టు లేదు, బరువెక్కినట్టుంది.

ఒంగోలు శిష్యుడు బండలాగుడు పోటీలకు యెడ్లను మేపుతాడు. కొట్టంలో గిత్తల జత నిలబడి వుంటే మూపురాల మీద పొద్దు నిలిచినట్టుంది. ఈ జాతే సముద్రాలు దాటి బ్రెజిల్ చేరి 'నెలోరి' పేరుతో ఆ దేశపు పశుసంపదలో పెద్ద భాగమైంది. 1904లో గుంటూరు జిల్లా యేర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే గదా. ఆ పేరు అలా నిలిచిపోయింది. ఇక్కడివి అక్కడ పచ్చగా బతికాయంటే, కావాలని తీసుకువెళ్ళి, యేం కావాలో తెలుసుకుని పెంచుకున్నారు గనుక.

నేను నా ప్రశ్నల పట్టీ తీయబోయాను. అతడే మొదలుపెట్టాడు. "మాస్టారూ, ఇవి యేం తింటాయి? యెడ్ల దాణా ముట్టుకుంటే ప్రమాదమా? రాత్రిళ్ళు ముంగిస రాకుండా తీగ యెంత సందుతో అల్లించాలి? జబ్బు చేస్తే ముందు యెలా తెలుస్తుంది?" తిండి మానేయడమే మొదటి గుర్తని చెప్పాను, పూట గడవనివ్వకుండా వైద్యుడికి చూపించాలన్నాను. చిట్టచివర, "మళ్ళీ యెప్పుడొస్తారు చూడడానికి? మా నాన్న గిత్తను అమ్మినా సంక్రాంతికి వెళ్ళి చూసి వచ్చేవాడు" అన్నాడు.

రెండు రోజుల ప్రయాణంలో నన్ను యెదురు ప్రశ్నించిన వాడు అతనొక్కడే. అమెరికాలో కాలిఫోర్నియాలో 1988లో ఇలాంటి అనాథ కుందేళ్ళకోసమే ఒక సంఘం పుట్టింది. అక్కడ కుందేలును యిచ్చేముందు సవాలక్ష అడుగుతారట. మా ఒంగోలు కుర్రవాడికి ఆ సంఘం పేరు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. మగవి రెండూ అతని కొట్టం పక్క గదిలో చేరాయి.

వెళ్ళేటప్పుడు యేడు, వచ్చేటప్పుడు మూడు. మా ఆవిడ గంప మూత యెత్తి లెక్కపెట్టింది. ఆడపిల్లలు రెంటినీ పక్కన పెట్టి, చెవి చిరిగిన తల్లిని మాత్రం ఒళ్ళోకి తీసుకుని, "దీన్ని యెవరూ అడగలేదా?" అన్నది.

"అడిగారు. నేనే యివ్వలేదు" అన్నాను. అబద్ధం. ఆమెకూ తెలుసు.

తల్లి మా యింట్లోనే స్థిరపడింది. మిగిలిన రెంటికీ ఇల్లు ఇంకా కావాలి. పాఠకుల్లో యెవరికైనా మనసుంటే సంతోషమే. కాని ముందుగా పిల్లలకోసమా, పదేళ్ళకోసమా అని ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించుకోండి. ఆ పైన నన్ను నాలుగు ప్రశ్నలడగండి. అడిగిన వారికే యిస్తాను.