ఖరగ్‌పూర్‌లో కథ రాసే సత్యకు

విజయనగరం

సత్యా,

నీ కవరు అందింది. కథకన్నా ముందు, దానికి పిన్ను గుచ్చి పెట్టిన చీటీ చదివాను. "ఎవరికీ చూపించకు, చదివి చించెయ్యి, నాకింకా ధైర్యం రాలేదు" అన్నావు. చించలేదు. మొదటి రెండు పేజీలు మాత్రం చించదగ్గవే. ఆ పని నువ్వే చెయ్యి.

ఆ రెండు పేజీల్లో ఏముందే? అస్తమిస్తున్న సూర్యుడు, గూళ్ళకు చేరే పక్షులు, భారమైన హృదయంతో కిటికీ దగ్గర నిలబడ్డ కోడలు. నువ్వెప్పుడైనా భారమైన హృదయంతో కిటికీ దగ్గర నిలబడ్డావా? మీ ఇంట్లో ఆ కిటికీ దగ్గర గ్యాసు బండ ఉంటుంది. ఇంటర్‌లో ఉండగా మనిద్దరం బెంచీ కింద పెట్టుకుని చదివిన సీరియళ్ళు ఇప్పుడు నీ కలంలోంచి బయటికొస్తున్నాయి. రానీ, ఫర్వాలేదు. వచ్చాక కొట్టెయ్యి.

మూడో పేజీలో మామగారు వర్క్‌షాపు నుంచి ఇంటికొస్తారు. అక్కడ నేను లేచి కూర్చున్నాను. పెరట్లో కొళాయి దగ్గర ముందు కిరసనాయిలు గుడ్డతో మోచేతుల దాకా తుడుచుకోవడం, తర్వాత రంపంపొట్టుతో రుద్దుకోవడం, ఆఖరికి బట్టల సబ్బు, అయినా గోళ్ళ అంచున నల్లగీత మిగిలిపోవడం. ఆయన తువ్వాలు వేరే తీగ మీద ఆరడం, పండగ రోజున కూడా దాన్ని ఎవరూ ముట్టుకోకపోవడం. ఏడెనిమిది వాక్యాలంతే. ఒక్కచోట కూడా అలంకారం లేదు. చూసింది చెప్తున్నావు, రాస్తున్నానన్న సంగతి మర్చిపోయావు. ఆ వాక్యాలు రాసేటప్పుడు నీకు ధైర్యం గుర్తొచ్చిందా? మరి ఆయన రిటైరైన రోజున ఆ తువ్వాలు ఏమైంది? కథలో లేదు. నాకైతే కథ అక్కడుంది.

ధైర్యం ముందు, రాయడం తర్వాత అని నీ లెక్క. చెడిన వాక్యాన్ని బాగుచేసుకోగలనని చేతికి ఒకసారి తెలిస్తే, ఆ తర్వాత వచ్చేదాన్నే నేను ధైర్యం అంటాను. మన ఊరికి వచ్చినవాళ్ళంతా గురజాడ వారి ఇల్లు చూసి ఫోటోలు దిగి వెళ్తుంటారు. నాకు ఆ ఇంటికన్నా కన్యాశుల్కం రెండు కూర్పుల మధ్య గడిచిన కాలం మీదే ధ్యాస. 1892లో నాటకం ఆడారు, జనం మెచ్చుకున్నారు, 1897లో అచ్చయింది. ఇంకొకరైతే అక్కడితో చేతులు దులుపుకునేవారు. ఆయన మళ్ళీ మొదటికొచ్చారు. ఐదంకాలు ఏడయ్యాయి, మధురవాణి పాత్ర పెరిగింది, 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు వేరే నాటకం. కాలేజీ వార్షికోత్సవానికి నువ్వు పొట్టి చుట్ట నోట్లో పెట్టుకుని గిరీశం వేషం వేసింది ఈ రెండోదాన్ని పట్టుకునే. అచ్చయి, పేరొచ్చిన నాటకాన్ని పన్నెండేళ్ళ తర్వాత ఆయన అంతలా తిరగరాశారు. నిన్న రాసిన పేజీ కొట్టెయ్యడానికి నీకెందుకే అంత బెంగ?

ఈమధ్య శ్రీకాకుళం వెళ్ళినప్పుడు కథానిలయంలో ఒక పూట గడిపాను. కారా మాస్టారు 1997లో మొదలుపెట్టిన చోటు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనీ ఒక దగ్గరికి చేర్చాలన్నది ఆయన పంతం, బాగున్నవాటినే ఏరుకోవాలని కాదు. ఆ పాత పత్రికలు తిరగేస్తే మనమెవరం వినని పేర్లు ఎన్నో. కట్నం, అత్తాకోడళ్ళు, పోయి దొరికిన ఉంగరం. గొప్ప కథ చదివినప్పుడు నాకు వారం రోజులు కలం పట్టబుద్ధి కాదు. ఈ సాదా కథలు చదివితే మాత్రం "ఇంతమాత్రం నేనూ రాయగలను" అనిపిస్తుంది. పైకి అనకూడని మాటే, కానీ అదే నిజం. రావిశాస్త్రిని చదివాక చెయ్యి ఆడటం లేదని రాశావు కదా, కొన్నాళ్ళు ఆయన్ని అటకెక్కించు. కారా మాస్టారి సంగతే చూడు. తొలి రోజుల్లో రాసినవి తనకే నచ్చక, కొన్నేళ్ళు రాయడం మానేసి కూర్చున్నారు. మళ్ళీ మొదలుపెట్టాకే యజ్ఞం కథ యువ మాసపత్రికలో వచ్చింది. నువ్వు రెండేళ్ళు రాయలేదని ఏడుస్తున్నావు.

ఇక టైము. మాస్టారు బడిపంతులు, రావిశాస్త్రి వకీలు, పాలగుమ్మి పద్మరాజు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు, వాళ్ళంతా ఉద్యోగాలు చేసుకుంటూనే రాశారని చెప్పి సిగ్గుపెట్టేవాళ్ళు నీకు చాలామందే దొరుకుతారు. నేను ఆ మాట అనను. వాళ్ళకి కాఫీ ఎవరిచ్చారు, పిల్లల ముక్కు ఎవరు తుడిచారు అన్నది సాహిత్య చరిత్రలో ఉండదు. తెల్లారి నాలుగింటికి లేచి రాయమనే సలహా కూడా నమ్మకు. నాలుగింటికి లేస్తే ఎవరో ఒకరు "లేచావుగా, టీ పెట్టెయ్" అంటారు. మీ ఆయన టిఫిన్ కారేజీ పట్టుకెళ్ళాక, పిల్లల బడి బస్సు మలుపు తిరిగాక, గిన్నెలు తోమకముందు ఒక అరగంట చూసుకో. తోమకముందు అని ఎందుకన్నానంటే, తోమేశాక ఇంకో పని కనిపిస్తుంది. ఫోను పక్కగదిలో చార్జింగుకి పెట్టు. నోటుబుక్కులో ఒక పేజీ చాలు. అది చెత్తగా ఉన్నా ఆ రోజు పని అయినట్టే. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు పేజీలు రాసి అప్పు తీర్చాలనుకోకు, అలా అనుకునే నువ్వు రెండేళ్ళ కిందట మానేశావు.

ఇంకో అలవాటు. మీ వంటింట్లో తెలుగు కేలెండర్ ఉందిగా, పాల లెక్కలూ గ్యాసు బుక్ చేసిన తేదీలూ వేసుకునేది. దాని మీదే ఆ రోజు చెవిన పడ్డ ఒక్క మాట రాసిపెట్టు. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఉన్నదున్నట్టుగా. ఖరగ్‌పూర్‌లో రైలు పనికొచ్చి స్థిరపడ్డ మన శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు మాట్లాడే తెలుగు నాకిక్కడ దొరకదు. తాతల నాటి ఊరి మాట, మధ్యలో హిందీ, చివర్లో బెంగాలీ. నువ్వేమో కథలో వాళ్ళందరి చేతా రేడియో వార్తల తెలుగు మాట్లాడించావు. మీ అత్తగారు "నేను అంగీకరించను" అంటారా?

అత్తగారంటే గుర్తొచ్చింది. చీటీ వెనక చిన్న అక్షరాలతో "అత్తయ్య చదివితే?" అని రాశావు. నీ అసలు భయం ఇదేనని అప్పుడర్థమైంది. వాక్యం బాగాలేదేమో అన్న భయానికి దిద్దుబాటు ఉంది. ఇంట్లోవాళ్ళు గుర్తుపడతారేమో అన్న భయం చాలామంది ఆడవాళ్ళని అసలు మొదలే పెట్టనివ్వదు. నేనైతే మొదటి ప్రతిలో అన్నీ ఉన్నవున్నట్టే రాస్తాను, పేర్లతో సహా. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాను. రెండో ప్రతిలో మామగారు పెదనాన్న అవుతాడు, ఇల్లు మారుతుంది, ఇద్దరు మనుషులు ఒకరవుతారు. ఇలా మార్చుతున్నప్పుడే జరిగిందానిలో లేని కొత్త సంగతి ఏదో కథలోకి వస్తుంది, ఎలాగో నేను చెప్పలేను. కలంపేరు కావాలంటే పెట్టుకో, తప్పేముంది? బీనాదేవి అన్న పేరు వెనకున్నది భార్యాభర్తలిద్దరు.

కథని మీ బంధువుల వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకు. ముప్పై దండాలు, పది గులాబీలు వస్తాయి, మర్నాడు ఎవరిదో పుట్టినరోజు వస్తుంది. ఎక్కడ విసుగొచ్చిందో వేలుపెట్టి చూపించగల మనిషి ఒక్కరు చాలు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి గిన్నెంతా నలపం కదా. ఆ మనిషికి ఇవ్వబోయే ముందు తలుపేసుకుని నువ్వే పైకి చదువుకో. నాలుక తడబడ్డ చోటల్లా పెన్సిలు గీత పెట్టు.

రెండో ప్రతి అయ్యాక ఏదో ఒక ఆదివారం అనుబంధానికి పంపుదాం. నిడివి ఎంత అడుగుతున్నారో ముందు చూసుకోవాలి, మంచి కథలు కూడా చోటు చాలక పక్కకి పోతాయి. ఇది నా సొంత రచన, అనువాదమూ అనుసరణా కాదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని హామీ పత్రం జతచెయ్యాలి. ఇదివరకు స్టాంపులంటించిన కవరు పెడితే కథ కనీసం ఇంటికి తిరిగొచ్చేది. ఇప్పుడు మెయిల్లో వెళ్తుంది, చాలాసార్లు జవాబే రాదు. వాళ్ళు చెప్పిన గడువు దాటితే ఇంకో చోటికి పంపు. ఎప్పుడు ఎక్కడికి పంపావో పుస్తకం చివరి పేజీలో రాసుకో. పంపిన మర్నాడే ఇంకో కథ మొదలుపెట్టాలి, లేకపోతే రోజంతా మెయిల్ తెరిచి చూస్తూ కూర్చుంటావు. నేను కూర్చున్నాను కాబట్టే చెప్తున్నాను.

ఎన్ని కథలు రాయాలి అని అడిగావు. కొడవటిగంటి కుటుంబరావు చందమామ పని చూసుకుంటూ వందల్లో రాశారు. మన ఊళ్ళో చాసో జీవితమంతా రాసినవి ఒక సంపుటంలో పట్టేస్తాయి. ఈ ప్రశ్నకి నా దగ్గర అంతకన్నా జవాబు లేదు. ముందు ఇది పూర్తిచెయ్యి.

మన ఊరి సిరిమాను పండక్కి ఎలాగూ వస్తావు. దసరా సెలవులు ఇవ్వగానే బయల్దేరితే నాలుగు రోజులు ఎక్కువ దొరుకుతాయి, కూర్చుని కథ చూద్దాం. ఈలోగా ఒక పని చెయ్యి. మీ అత్తగారు కాపురానికొచ్చి ఖరగ్‌పూర్ స్టేషన్లో దిగిన రోజు ఏం జరిగిందో ఆవిణ్ణి అడుగు. కథకని చెప్పకు, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఊరికే అడిగినట్టు అడుగు. ఆవిడ పడుకున్నాక కేలెండర్ దగ్గరికి వెళ్ళు.

పిల్లలకి ముద్దులు. మీ ఆయన్ని అడిగానని చెప్పు.

నీ స్నేహితురాలు