డీజే వచ్చిందా?

లోకంలో ఎక్కడైనా డీజే అంటే మనిషి. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారుతూ, ఎదురుగా వున్న జనాన్ని ఆడించే మనిషి. మా మెదక్‌లో మాత్రం డీజే అంటే బండి! "డీజే వచ్చిందా?" అని అడుగుతారే గానీ "వచ్చాడా?" అని అడిగేవాళ్ళు లేరు. డీసీఎం వ్యాను మీద మనిషెత్తు బాక్సులు, వాటి వెనక జనరేటరు, చుట్టూ రంగురంగుల లైట్లు, మధ్యలో ఒక లాప్‌టాప్... ఇదంతా కలిపి డీజే అన్నమాట. ఆ లాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడి పేరు పెళ్ళివారికి తెలియకపోవచ్చు. కానీ అతను బటన్ నొక్కితే తప్ప బరాత్ ముందుకు కదలదు.

సినిమా పత్రికలో ఈ బరాత్ గోల ఏమిటని విసుక్కోకండి. ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ అని పెద్ద పేరుతో చలామణి అవుతున్న సంగీతం నాకు పరిచయమైంది ఏ విదేశీ రికార్డు వల్లనో, హైదరాబాద్ పబ్బులోనో కాదు. ఈ బండి వల్లే!

అసలు ఆ ధ్వని మన తెలుగువాళ్ళకు కొత్తదేం కాదు. 1982లో వచ్చిన హిందీ 'డిస్కో డాన్సర్'తో బప్పీలహరి దేశమంతటినీ వూపేశాడు. ఆ కథే 1984లో బాలకృష్ణతో 'డిస్కో కింగ్'గా తెలుగులోకి వచ్చింది. 1986లో కృష్ణ తన 70 ఎం.ఎం. 'సింహాసనం'కు బప్పీనే పిలిపించాడు. తర్వాత 'గ్యాంగ్ లీడర్' సరేసరి! 1994లో రహమాన్ 'ప్రేమికుడు' వచ్చేసరికి నా ఈడు పిల్లలకు కంప్యూటర్ దరువు ఉగ్గుపాలతో పట్టినట్టే అయింది. అయితే అవన్నీ మేము ఇంట్లో చిన్న టేప్‌రికార్డర్‌లో విన్నవి. దాని అరచేతంత స్పీకరులో కింది స్వరం ఎక్కడ పలుకుతుంది? మాకు పాట వినబడింది. దెబ్బ వినబడలేదు.

ఆ దెబ్బ నాకు తగిలింది 2008 వేసవిలో. మెదక్‌లో బంధువుల పెళ్ళి. రాత్రి రాందాస్ చౌరస్తా దగ్గర బరాత్ ఆగింది. ముందు డప్పులవాళ్ళు, వెనక డీజే బండి. డప్పులవాళ్ళలో మా మేనమామ కూడా వున్నాడు. పాట నడుస్తూ నడుస్తూ వుండగా బండి మీది కుర్రాడు గొంతును హఠాత్తుగా తీసేశాడు. మిగిలింది దరువు ఒక్కటే. ధన్... ధన్... ధన్... ధన్! పల్లవి లేదు, చరణం లేదు, హీరో లేడు.

సినిమా పాట విన్నంతసేపూ మనం దేనికోసమో ఎదురుచూస్తూ వుంటాం. పల్లవి అయ్యాక చరణం కోసం, చరణం అయ్యాక మళ్ళీ పల్లవి కోసం. ఇక్కడ ఎదురుచూడటానికి ఏమీ లేదు. మొదట చికాకేసింది. తర్వాత చొక్కా గుండీలు అదరడం తెలిసింది. ఆ తర్వాత చూసుకుంటే నా కాళ్ళు ఆడుతున్నాయి! ఎంతసేపటికో ఆ దరువు మీదికి ఒక జానపద స్త్రీ గొంతు మెల్లగా దిగివచ్చింది. అప్పుడు జనం వేసిన కేక నాకిప్పటికీ చెవిలో వుంది.

పక్కకు వచ్చి చూస్తే మామయ్య కాగితాలు మంటేసి, చల్లబడ్డ డప్పును కాచుకుంటున్నాడు. "ఎట్లుంది మామా?" అంటే బండి వైపు చూసి ఒక్కటే మాట అన్నాడు.

"గది అలుస్తదా బిడ్డా? మా చేతులు నొస్తయ్ గని."

ఆ తర్వాత నాకు పిచ్చి పట్టింది. సెల్ షాపుల్లో మెమరీ కార్డు నింపించుకోవడం, డీజే కుర్రాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ చేతివాటం గమనించడం! ఒక కుర్రాడు దగ్గర కూర్చోబెట్టుకుని చూపించాడు. ముందు జానపదం గొంతు తీసుకుంటాడు. వేగం పెంచుతాడు. కింద కిక్ దెబ్బ పరుస్తాడు. దాని మీద తీన్‌మార్ వేస్తాడు. మధ్యలో తన పేరు తనే గట్టిగా పలికించి అతికిస్తాడు. సంగీతం నేర్పిన గురువు లేడు, స్టూడియో లేదు. వున్నదల్లా సెకండ్‌హాండ్ లాప్‌టాప్ ఒకటి!

అమెరికాలో షికాగో కుర్రాళ్ళ కథ చదివినప్పుడు నాకు ఈ లాప్‌టాపే గుర్తొచ్చింది. జపాన్‌లోని రోలాండ్ కంపెనీ 1981లో టి.బి.303 అని ఒక చిన్న పెట్టె తయారు చేసింది. బేస్ గిటార్ వాయించే మనిషి లేకపోయినా ఆ పెట్టెతో సరిపెట్టుకోవచ్చని దాని వుద్దేశం. కానీ అది గిటార్‌లా పలకలేదు. జనం కొనలేదు. సెకండ్‌హాండ్ అంగళ్ళలో చవగ్గా పడివున్న ఆ పెట్టెను షికాగో కుర్రాళ్ళు తెచ్చుకుని, దాని మీటలు ఇష్టమొచ్చినట్టు తిప్పారు. 1987లో ఫ్యూచర్ బృందం విడుదల చేసిన 'యాసిడ్ ట్రాక్స్'తో ఆసిడ్ హౌస్ అనే కొత్త బాణీ ప్రపంచానికి తెలిసింది.

ఇందులో మన వాటా కూడా వుందండోయ్! బొంబాయి సినీ వాద్యబృందాల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లోనే ఆ 303 పెట్టెనూ, 808 డ్రమ్ మెషిన్‌నూ వాడుకుని మన రాగాలు పలికించి, పది రాగాలకు డిస్కో దరువు కట్టి ఒక ఎల్పీ రికార్డు ఇచ్చాడు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాడు లేడు. 2010లో ఆ రికార్డు మళ్ళీ విడుదలయ్యాక విదేశీయులు ముక్కున వేలేసుకున్నారు. షికాగో కంటే అయిదేళ్ళ ముందే ఒక సినిమా వాద్యకారుడు ఆ ధ్వని పట్టుకున్నాడని! చరణ్‌జిత్ 2015లో కన్నుమూశాడు. ఆ కాస్త పేరైనా చూసి వెళ్ళాడు, అంతవరకు అదృష్టం.

మా మామయ్యకు ఆ అదృష్టం ఏదీ?

రానురాను పెళ్ళిళ్ళలో డప్పుల పని ఎదుర్కోళ్ళ వరకే మిగిలింది. అరగంట కొట్టించుకుని పంపిస్తారు. రాత్రి బరాత్ అంతా డీజేదే. ఒకసారి ఒక డీజే కుర్రాడు మామయ్య దరువును సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకుపోయాడు. కొన్నాళ్ళకు వేరే బరాత్‌లో బండి మీంచి తీన్‌మార్ మొదలైంది. రెండు దెబ్బలు పడ్డాయో లేదో, మామయ్య నా భుజం పట్టుకుని "గిది నా సిర్ర దెబ్బనే!" అన్నాడు. మాకందరికీ ఒకేలా వినిపించే మోతలో ఆయన తన చెయ్యి పోల్చుకున్నాడు. సంతోషంతో ఆడాడు కూడా. ఆడి ఆడి, చెమట తుడుచుకుంటూ అడిగాడు: "మరి నా దెబ్బకు నాకేం రాదారా?"

చదువుకున్నవాణ్ణి కదా, నన్నడిగాడు. ఏం చెప్పను? 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి సినిమా పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీ హక్కు గట్టి చేశారు. మంచిదే! కానీ దరువు ఏ ఒక్కరి సొత్తూ కాదంటారు. ఊరందరిదీ అంటారు. ఊరందరిదీ అయినప్పుడు కొట్టినవాడికి మాత్రం కూలి వుండక్కర్లేదా?

2022 ఫిబ్రవరిలో 'డీజే టిల్లు' వచ్చి, గల్లీ డీజే కుర్రాణ్ణి తెర మీద హీరోను చేసింది. బప్పీలహరి కన్నుమూసిందీ ఆ నెలలోనే. డిస్కో నుంచి డీజే దాకా నలభై ఏళ్ళ ప్రయాణం అక్కడ ఒక మలుపు తిరిగినట్టనిపించింది నాకు. టిల్లుకు ఈలలు వేసినవాళ్ళలో నేనూ వున్నాను. ఆ బాక్సుల్లో పలికే తీన్‌మార్ వెనక వున్న చేతులను కూడా ఏదో ఒక చిత్రం చూపిస్తుందని ఎదురుచూస్తున్నాను.

అలాగని బండిని ఆకాశానికెత్తడం నా వుద్దేశం కాదు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళ మధ్య రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. పదింటి తర్వాత బయట మైకే పెట్టకూడదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన వూరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పసిపిల్లలూ, గుండెజబ్బు ముసలివాళ్ళూ వున్న ఇంటి గోడలు అదిరిపోతుంటే "ఇది కళ" అని వాదించే ధైర్యం నాకు లేదు. మోత తగ్గాల్సిందే! అయితే తగ్గాల్సింది మోతే గానీ దరువు కాదు.

మా మెదక్ పెళ్ళిళ్ళలో ఈమధ్య కొందరు బండి ముందు నలుగురు డప్పులవాళ్ళను నిలబెట్టి, కుర్రాడు కిక్ వేస్తుంటే దాని మీద వాళ్ళ చేత కొట్టిస్తున్నారు. బాక్సుల శబ్దం సగం చేస్తే గానీ డప్పు వినబడదు కాబట్టి మోత దానంతటదే తగ్గుతోంది. డప్పులవాళ్ళకు రాత్రి కూలి కూడా దొరుకుతోంది. పెళ్ళి చేసేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే నా మనవి ఒక్కటే. డీజేకు బయానా ఇచ్చేటప్పుడు డప్పులవాళ్ళకూ ఇవ్వండి. అరగంటకు కాదు, బరాత్ మొత్తానికి!